అంతర్వేది పల్లిపాలెంలో హెడ్ దించిన రోజు

ఇంజన్ గది అంటారు గానీ అది గది కాదు. డెక్కు మీది చెక్క మూత ఎత్తితే కింద కనిపించే ఇరుకు గొయ్యి. నిచ్చెన మీద కాలు పెట్టగానే లోపలి వేడి మీ ముఖానికి కొడుతుంది. డీజిలు, పాత చేపల నీచు, అడుగున నిలిచిన నీటి మీద తేలే ఆయిల్ తెట్టు, అన్నీ కలిసిన వాసన. నిలబడితే తల దూలానికి తగులుతుంది, కూర్చుంటే మోకాలు డైనమోకి తగులుతుంది. మధ్యలో ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజన్. దాని చుట్టూ ఒక మనిషి ఒరుసుకుంటూ తిరిగేంత చోటే మిగిలింది.

"కాలక్కడెట్టకండి, జారుద్ది. ఇటు పలక మీదెట్టండి," అంటాడు ఇంజన్ మేస్త్రి తలెత్తకుండానే.

మే నెల. అంతర్వేది పల్లిపాలెం రేవులో బోట్లన్నీ పక్కపక్కనే కట్టేసి ఉన్నాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతటా మరబోట్లు వేటకు వెళ్లకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలమది. 2015కు ముందు ఈ నిషేధం 47 రోజులే ఉండేది, ఇప్పుడు 61. ఒడ్డున వలలు బాగుచేసుకునేవాళ్లు, పలకల సందులు పూడ్చేవాళ్లు, రంగులేసేవాళ్లు కనిపిస్తారు. చూడటానికి వచ్చినవాళ్లు వాళ్లనే చూసి వెళ్లిపోతారు, ఇంజన్ గదుల్లోకి ఎవరూ దిగరు. వేట విరామం మీద వచ్చే వార్తలన్నీ ప్రభుత్వమిచ్చే భృతి చుట్టూ, ఖాళీ రేవు చుట్టూ తిరుగుతాయి. అవి అవసరమే. కానీ జూన్ 15న ఈ బోటు సముద్రంలోకి వెళ్లి క్షేమంగా తిరిగొస్తుందా లేదా అన్నది తేలేది ఈ గోతిలో, ఈ రెండు నెలల్లో. ఆ సంగతి రాసేవాళ్లు తక్కువ.

యజమాని పైన మూత అంచున కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నాడు. జబ్బు లక్షణాలు ఇంకోసారి చెబుతున్నాడు.

"తెల్లారగట్ల స్టార్టు చేస్తే తెల్లపొగ వస్తందండి. కాసేపు ఆడాక తగ్గిపోద్ది. ట్యాంకులో నీళ్లేమో రోజూ పోయాల్సొస్తంది. కారుతున్నాయా అంటే ఎక్కడా చుక్క పడదు."

"బయట పడకపోతే లోపల పడతన్నట్టే కదయ్యా."

నిన్న ఇంజన్ చల్లగా ఉండగానే మేస్త్రి నీళ్ల ట్యాంకు మూత తీయించి స్టార్టు చేయించాడు. నీటిలోంచి బుడగలు లేచాయి. స్పీడు పెంచితే బుడగలూ పెరిగాయి. (ఇంజన్ వేడిగా ఉండగా ఆ మూత జోలికి పోకూడదు. లోపలి ఒత్తిడికి మరిగిన నీళ్లు చిమ్మి ముఖం కాలిపోతుంది.) సిలిండర్‌లో మండిన గ్యాసు నీళ్లదారిలోకి తోసుకుపోతోంది. ఇంజన్ ఆగాక అదే సందులోంచి నీళ్లు సిలిండర్‌లోకి దిగుతున్నాయి. తెల్లారి కనిపించే తెల్లపొగ ఆ నీటి ఆవిరే.

ఆ సందు ఎక్కడుందో తెలియాలంటే సిలిండర్ల మీద మూతలా ఉండే హెడ్ దించాలి.

హెడ్ మోసే బరువేమిటో ఒకసారి లెక్కేసుకోండి. డీజిల్ ఇంజన్‌లో స్పార్కు ప్లగ్గు ఉండదు. గాలిని పదహారు, పదిహేడు వంతుల్లో ఒక వంతుకు నొక్కేస్తే అది ఎర్రగా కాలేంత వేడెక్కుతుంది, అందులోకి డీజిల్ చిమ్మగానే దానంతటదే అంటుకుంటుంది. ఆ మంట పుట్టించే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 80 నుంచి 100 కిలోల దాకా ఉంటుంది. ఈ పిస్టన్ వ్యాసం పది సెంటీమీటర్లకు కొంచెం పైన, అంటే పైభాగం 90 చదరపు సెంటీమీటర్ల వరకు. మంట అంటుకున్న ప్రతిసారీ ఏడు నుంచి తొమ్మిది టన్నుల బలం హెడ్‌ను పైకి ఎగదన్నుతుంది. ఇంజన్ నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంటే ఒక్కో సిలిండర్‌లో అది 750 సార్లు జరుగుతుంది. అంత బలాన్ని ఆపేవి కొన్ని నట్లు, వాటి కింద నలిగి కూర్చునే ఒక పల్చటి గాస్కెట్. ఆ గాస్కెట్‌లోనే మంటకు ఒక దారి, నీటికి ఒక దారి, ఆయిల్‌కి ఒక దారి. మూడూ ఎక్కడా కలవకూడదు.

బ్యాటరీ కనెక్షన్ ముందే పీకేశారు. మేస్త్రి మేనల్లుడు, పద్దెనిమిదేళ్ల కుర్రాడు, అడుగుకు వంగి సముద్రపు నీళ్ల వాల్వు తిప్పుతున్నాడు. బోటు నీళ్ల మీదే ఉంది. ఆ వాల్వు తెరిచి ఉండగా పైపు విప్పితే నది లోపలికి వచ్చేస్తుంది.

"ఆఖరిదాకా తిరిగిందా?"

"తిరిగింది మావయ్యా."

"నేను చూస్తానుండు."

మేస్త్రి స్వయంగా చెయ్యిపెట్టి చూస్తాడు. పైపు క్లిప్పు కొంచెం వదులు చేసి, నీళ్లు ఆగాయని కళ్లారా చూశాకే ముందుకు కదులుతాడు.

బోటు ఇంజన్‌కు రెండు నీళ్లు. ఇంజన్ లోపల తిరిగేది మంచినీరు. దాన్ని చల్లబరచడానికి బయటి నీటిని ఒక పంపు లాగుతుంది. ఆ నీరు సన్నని గొట్టాల కట్ట గుండా పోతుంది, గొట్టాల చుట్టూ తిరిగే మంచినీటి వేడిని తీసుకుని వెనక పైపు గుండా బయట పడుతుంది. లారీలో రేడియేటర్‌కు తగిలే గాలి చేసే పని ఇక్కడ బయటి నీరు చేస్తుంది. ఆ నీరు ఎలాంటిదన్నది ఈ రేవులో పెద్ద ప్రశ్న. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేది ఇక్కడే, అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచి గోదావరి నీళ్లు కాలువల్లోకి మళ్లి కోనసీమను పచ్చగా ఉంచుతున్నాయి. వేసవిలో ఆనకట్ట దిగువకు వచ్చేది తక్కువ. తోసే ప్రవాహం లేక మొగ దగ్గర ఇసుక మేటలు వేస్తుంది, పోటుతో ఉప్పునీరు లోపలికి వస్తుంది. బోట్లు పోటు చూసుకుని మొగ దాటాలి. దాటేటప్పుడు ఆ పంపు పీల్చేది ఉప్పు, ఇసుక, ఒండ్రు కలిసిన నీరు. ఇంజన్ ఆగిపోవడానికి అంతకన్నా చెడ్డ చోటు లేదు. ఆగితే అల బోటును అడ్డం తిప్పి మేట మీదకు తోస్తుంది.

బ్లాకు పక్కనున్న డ్రెయిన్ కాక్ తిప్పితే ఏమీ రాలేదు. కుర్రాడు ఇనుప తీగ దూర్చి కెలికాడు. తుప్పు పెళ్లలు పడ్డాక గోధుమరంగు నీరు ధారకట్టింది. మేస్త్రి బకెట్‌లోంచి ఒక చుక్క నాలిక్కి రాసుకుని ఉమ్మేశాడు, యజమాని వైపు చూశాడు.

"ఇందులో ఏ నీళ్లు పోశావు?"

"మనూళ్లో బోరు నీళ్లేనండి... ఒకట్రెండుసార్లు సముద్రమ్మీద..." మాట అక్కడితో ఆగిపోయింది.

మేస్త్రి ఇంకేమీ అడగలేదు. నీళ్లు మొత్తం దిగేదాకా ఆగాడు. నీళ్లుండగా హెడ్ ఎత్తితే అవి నేరుగా సిలిండర్లలోకి, అక్కణ్నుంచి ఆయిల్ చాంబర్‌లోకి పోతాయి.

తర్వాత పైపులు. నాజిళ్లకు వెళ్లే ఆరు డీజిల్ పైపుల్లో ముందువైపు మూడు విప్పి, ఒక్కో నోటికి పాలిథీన్ ముక్క చుట్టి దారం కట్టాడు కుర్రాడు. చెయ్యి ఆడని ఈ గదిలో అంత శ్రద్ధ ఎందుకా అని మీకనిపించవచ్చు. డీజిల్ పంపులోనూ నాజిల్‌లోనూ భాగాల మధ్య సందు మిల్లీమీటరులో వెయ్యో వంతుల లెక్క. కంటికి కనబడని ఇసుక రేణువు చాలు, వేల రూపాయల సామాను గీసుకుపోవడానికి. నాజిళ్లను కూడా ఇప్పుడే బయటికి తీశారు. వాటి మొనలు హెడ్ కిందికి పొడుచుకొచ్చి ఉంటాయి. అలాగే ఉంచి హెడ్‌ను దింపితే ముందు నేలను తాకేది ఆ మొనలే. ఒక్కోదానికి ఇంకు పెన్నుతో నంబరు రాసిన చీటీ కట్టారు.

ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దగ్గర పని మందగించింది. ఉప్పుగాలి తిన్న బోల్టులు. రాత్రే తుప్పు ఆయిల్ కొట్టి ఉంచినా కదలడం లేదు. గ్యాసు మంటతో వేడిచేస్తే వదులుతాయి గానీ డీజిల్ ఆవిరి నిండిన ఈ గోతిలో మంట అనే మాటే లేదు. మేస్త్రి రింగు పానా తగిలించి ముందు బిగించే వైపు ఒక పిసరు తిప్పుతాడు, తర్వాత విప్పే వైపు. మళ్లీ బిగింపు, మళ్లీ విప్పు. తుప్పు పొడిపొడిగా రాలుతుంటే బోల్టు కొంచెం కొంచెంగా ఒప్పుకుంటుంది. అయినా చివరి దాని తల తెగిపోయింది. మీ గుండె జారుతుంది గానీ మేస్త్రి ముఖం మారలేదు. "హెడ్ పైకెళ్లాక చూసుకుందాం. దాని మొండెం హెడ్‌లోనే ఉంది కదా, ఎక్కడికీ పోదు."

రాకర్ కవర్ తీసి, దాని లోపలి వైపు వేలితో రాసి వెలుతురుకు పట్టుకున్నాడు. ఆయిల్‌లో నీళ్లు కలిసుంటే ఇక్కడ పాలు ఎక్కువైన టీ రంగు జిడ్డు పేరుకుంటుంది. వేలికి అంటింది నల్లటి ఆయిలే. నీళ్లు ఆయిల్ దాకా చేరలేదు. బేరింగులు బతికాయన్నమాట. పైనున్న యజమానికి ఈ మాట చెప్పగానే అతను తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

రాకర్ల షాఫ్టు బోల్టులను రెండు చివరల నుంచీ కొంచెం కొంచెంగా వదులు చేశారు. కింద వాల్వ్ స్ప్రింగులు ఎగదన్నుతుంటాయి. ఒక పక్కే విప్పేస్తే షాఫ్టు వంగుతుంది. పుష్ రాడ్లు ఆరు. కుర్రాడు బిస్కెట్ల అట్టపెట్టెకు ఆరు చిల్లులు పొడిచి నంబర్లేసి, ఏ రాడ్డును ఆ చిల్లులో గుచ్చాడు. ఇన్నేళ్లు ఏది ఏ రాకర్‌తో ఒరుసుకుని అరిగిందో మళ్లీ దాని దగ్గరికే వెళ్లాలి. గుచ్చేముందు ఒక్కోదాన్ని అద్దం ముక్క మీద దొర్లించాడు. వంగినదైతే ఎగురుకుంటూ దొర్లుతుంది. ఆరూ తిన్నగానే దొర్లాయి.

ఇక నట్లు. మేస్త్రి పొడవాటి పిడి తగిలించి, అంతవరకూ కుర్రాడికి వదిలేసిన చోటులోకి తనే వచ్చాడు. ఈ ఇంజన్‌కు హెడ్లు రెండు, మూడేసి సిలిండర్లకు ఒకటి. బుడగల జాడను బట్టి ముందుదాన్నే దించుతున్నాడు. హెడ్ నట్లు బిగించేది మధ్య నుంచి బయటికి. విప్పేది దానికి సరిగ్గా తలకిందులు, మూలల నుంచి మధ్యకి. ఒకేసారి పూర్తిగా విప్పకూడదు. అన్నీ పావు చుట్టు, మళ్లీ అన్నీ పావు చుట్టు. ఇంజన్ బాగా చల్లారి ఉండాలి, అందుకే నిన్న సాయంత్రం నుంచి ముట్టుకోలేదు. వేడి మీద ఒక పక్క బిగువు వదిలేస్తే అంత బరువు పోత ఇనుమూ మెలితిరుగుతుంది. మొదటి నట్టు వదిలినప్పుడు చిన్న చప్పుడు, పటుక్కుమని. ఆ చప్పుడు మీ కాళ్ల కింది పలకలో తెలుస్తుంది. రెండోది. మూడోది. ఎడమవైపు మూల నట్టు మాత్రం మొరాయించింది. దానికి ఆయిల్ పోసి, మిగతావి తిప్పి, మళ్లీ దాని దగ్గరికి వచ్చాడు. మూడోసారికి కదిలింది.

నట్లన్నీ తీసినా హెడ్ లేవదు. గాస్కెట్‌తో అతుక్కుపోయి ఉంటుంది. సందులోకి స్క్రూడ్రైవరు దూర్చి ఎత్తెయ్యాలని చెయ్యి లాగుతుంది. కుర్రాడి చెయ్యీ అటే పోయింది.

"ఒరేయ్! అది గీత పడిందంటే మళ్లీ కారేది ఆ గీతలోంచే."

చెక్క దిమ్మ అడ్డుపెట్టి, సుత్తితో నాలుగు పక్కలా మెత్తగా తట్టారు. పైన డెక్కు మీద అడ్డంగా వేసిన దుంగకు చైన్ బ్లాకు వేలాడుతోంది. కొక్కేలు తగిలించి గొలుసు బిగువయ్యేదాకా లాగి ఆగారు. సరిగ్గా అప్పుడే పక్కనుంచి ఒక ఇంజన్ నావ పోయింది. దాని అలకు బోటు ఊగింది, గొలుసు కిరకిరలాడింది. ముగ్గురూ చేతులు తీసేసి నిలబడ్డారు. ఇద్దరు కలిసి ఎత్తాల్సిన బరువు స్టడ్ల మీద ఇరుక్కుని ఊగితే మరలు తెగుతాయి, వేళ్లు ఉంటే అవీ పోతాయి. ఊగు ఆగాక అంగుళం లాగారు. ఇంకో అంగుళం. చిరిగినట్టు ఒక చప్పుడు. మేస్త్రి రెండు చేతులతో హెడ్‌ను నిలువుగా పట్టి ఉంచాడు. స్టడ్ల కొనలు దాటాక అది తేలిగ్గా పైకి, వెలుతురులోకి వెళ్లిపోయింది. డెక్కు మీద రెండు చెక్క దిమ్మల మీద పడుకోబెట్టారు.

నాకు ఇంజన్ పనులన్నిటిలోకీ ఈ తర్వాతి ఘట్టం అంటేనే ప్రాణం. తుడవడానికి వేస్టు గుడ్డ అందుకున్న కుర్రాడి చేతిని మేస్త్రి పట్టుకుని ఆపాడు. "తుడవకు. ముందు చూడు."

మీరూ వంగి చూడండి. మూడు పిస్టన్ల నెత్తులు కనిపిస్తున్నాయి. మొదటిది పొడి మసితో ఒకే తీరుగా నల్లగా ఉంది. డీజిల్ సక్రమంగా మండిన చోటు అలాగే ఉంటుంది. తడి జిడ్డు ఉండి ఉంటే ఆయిల్ పైకి వస్తోందని, రింగులనో వాల్వ్ గైడ్‌లనో అనుమానించాలి. రెండోదీ నలుపే, ఒక అంచున మాత్రం కొంచెం తేటబడింది. మూడోదాన్ని చూడండి. సగం నెత్తి కడిగి తుడిచినంత శుభ్రంగా ఉంది, లోహం బూడిదరంగులో మెరుస్తోంది. తెలియనివాళ్లు అదే బాగున్న సిలిండర్ అనుకుంటారు. అక్కడికే నీళ్లు వచ్చాయి. వచ్చిన నీరు మంటలో ఆవిరై మసినంతా కడిగేసింది.

గాస్కెట్ ఎత్తి ఎండకు పట్టుకున్నాడు. మూడో రంధ్రం చుట్టూ ఉండే స్టీలు రింగు ఒకచోట కాలి సన్నబడి తెగింది. తెగిన చోటు నుంచి పక్కనున్న నీళ్ల రంధ్రం దాకా నల్లటి జాడ, దాని అంచుల్లో తుప్పు ఎరుపు. రెండో రంధ్రం వైపు కూడా ఒక లేత జాడ బయల్దేరింది గానీ ఇంకా చేరలేదు. ఆ రెండూ కలిసిపోయుంటే ఒక సిలిండర్ ఒత్తిడి రెండోదాంట్లోకి జారిపోయి ఇంజన్ బలం చచ్చిపోయేది. నీరు సిలిండర్‌లో ఎక్కువగా నిలిచిపోయుంటే దెబ్బ ఇంకా పెద్దది. గాలి నలుగుతుంది గానీ నీరు నలగదు. స్టార్టు చేయగానే పైకొచ్చే పిస్టన్ నీటిని గుద్దుకుని కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది.

"అయితే గాస్కెట్టేనాండి? మార్చేస్తే అయిపోద్దా?" యజమాని గొంతులో ఆశ.

"గాస్కెట్ ఊరికే కాలదయ్యా."

ఈ ఒక్క మాట కోసమే నేను మిమ్మల్ని ఈ గోతిలోకి దింపాను. కాలిన గాస్కెట్ ఫలితం మాత్రమే. కొత్తది వేసి బిగించి పంపేస్తే ఒక నెల, రెండు నెలలు ఆడుతుంది. మళ్లీ కాలుతుంది, ఈసారి రేవులో కాకుండా ఎక్కడో లోపల. దించిన హెడ్‌ను చదవకుండా మళ్లీ ఎక్కించడం కన్నా అసలు దించకపోవడమే మేలని నా అభిప్రాయం. దించితే బాగైందన్న ధైర్యం వస్తుంది, ఆ ధైర్యంతోనే జనం మొగ దాటతారు.

సిలిండర్లలో గుడ్డలు కూరి, హెడ్ అడుగు ముఖాన్ని చెక్క గీకుడుతో, ఇత్తడి బ్రష్షుతో, కిరసనాయిలుతో లోహం కనిపించేదాకా శుభ్రం చేశారు. మేస్త్రి పాత లుంగీగుడ్డలో చుట్టి దాచుకున్న స్టీలు బద్దను తీశాడు. అంచు ఎక్కడా చొట్టపడకుండా దాన్ని కాపాడుకుంటాడు, కుర్రాడికి కూడా ఇవ్వడు. బద్దను ముఖం మీద అంచుతో నిలబెట్టి కళ్లు దానికి సమంగా దించాడు. మీరూ అటు నుంచి చూడండి. రెండు చివర్లా బద్ద ఆనుకుంది. మధ్యలో, మూడో సిలిండర్ దాపున, బద్ద కింద నుంచి సన్నటి వెలుతురు గీత.

ఇక ఫీలర్ గేజి. 0.05 మిల్లీమీటరు రేకు సులువుగా దూరింది. 0.10 దూరింది. 0.15 కొంచెం పట్టి పట్టి దూరింది. 0.20 దూరలేదు. నిలువునా, అడ్డంగా, రెండు మూలలనూ కలుపుతూ ఐమూలగా, ఆరుచోట్ల చూసి కుర్రాడి చేత సుద్దముక్కతో హెడ్ మీదే రాయించాడు. చాలా డీజిల్ ఇంజన్ల మాన్యువళ్లు 0.1 మిల్లీమీటరు దగ్గర్లో హద్దు గీస్తాయి. ఇది దాటింది. హెడ్ వంగింది.

అదే బద్దతో కింద బ్లాకు ముఖాన్నీ చూశాడు. అది బాగుంది. సిలిండర్లకు లోపలి గోడలైన లైనర్లు బ్లాకు కన్నా ఏ మాత్రం పైకి ఉన్నాయో డయల్ గేజి పెట్టి ఒక్కోదానికి నాలుగు పక్కలా కొలిచాడు. లైనర్ తల బ్లాకు కన్నా వెంట్రుకవాసి పైకి ఉంటేనే గాస్కెట్‌ను గట్టిగా నొక్కుతుంది. ఒకటి కుంగితే కొత్త గాస్కెట్ కూడా ఆ చోటే కాలుతుంది. మూడూ సమంగానే ఉన్నాయి. మూడో లైనర్ గోడ మీద నీరు నిలిచినచోట తుప్పు చార ఉంది గానీ గోటికి తగలడం లేదు.

తర్వాత హెడ్‌ను పక్కకు ఒరిగించి వాల్వుల వెనక దారుల్లో కిరసనాయిలు పోశారు. వాల్వు సీటు మీద సరిగ్గా కూర్చుంటే ఇటువైపు చెమ్మ రాకూడదు. ఐదు చోట్ల పొడిగా ఉంది. మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వు అంచు మీద ఒక చుక్క ఊరింది, జారింది, ఇంకోటి ఊరింది. వేడెక్కిన హెడ్‌లో సీటు గుండ్రదనం కొంచెం తప్పి ఉంటుంది. గ్రైండింగ్ పేస్టు రాసి రుద్దితే పోతుందో, సీటే కోయాల్సి వస్తుందో లేత్ షాపులో తేలాలి.

అందరూ భయపడే పరీక్ష ఆఖరికి మిగిలింది. బీట. రెండు వాల్వుల మధ్యనుండే ఇరుకు ఇనుము పగిలే చోటు. ఒక పక్క ఎగ్జాస్ట్ మంట, ఇంకో పక్క చల్లగాలి, రోజంతా అదే లాగుడు. మూడు డబ్బాలు బయటికొచ్చాయి. మొదటిదానితో ఆ చోటు కడిగాడు. రెండోది ఎర్ర రంగు, కొట్టి పావుగంట వదిలేశాడు. ఈలోగా టీ వచ్చింది. ఎవరూ మాట్లాడలేదు. రంగును శుభ్రంగా తుడిచేసి మూడోది, తెల్లటి పొడి చిమ్మాడు. బీటలో ఇంకిన ఎరుపు తెలుపు మీదకు ఊరివస్తుంది. కాసేపు అంతా తెలుపే. తర్వాత మూడో సిలిండర్ వాల్వుల మధ్య ఒక ఎర్రగీత పైకి తేలింది.

యజమాని చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. బీటే అయితే ఆ హెడ్ తూకానికి వేయాల్సిందే, కొత్త హెడ్ ధర ఒక సీజను మిగులును మింగేస్తుంది.

"కంగారు పడకు. గీకుడు గీత కూడా ఎర్రగానే కనపడుద్ది," అన్నాడు మేస్త్రి. ఆ చోటును సన్నటి ఎమెరీతో రెండు రుద్దులు రుద్ది, కడిగి, మొదటి నుంచీ మళ్లీ చేశాడు. మళ్లీ ఎరుపు, మళ్లీ ఎదురుచూపు, మళ్లీ తెలుపు. నిజం బీట లోతుగా ఉంటుంది, ఎన్నిసార్లు చేసినా ఊరుతుంది. పైపై గీత రుద్దుకు పోతుంది. ఈసారి ఎరుపు రాలేదు. నిమిషాలు గడిచినా రాలేదు. అయినా మేస్త్రి దాన్ని పూర్తిగా నమ్మలేదు. లేత్ షాపులో నీళ్ల రంధ్రాలన్నీ మూసి, హెడ్‌ను వేడినీళ్ల తొట్టిలో ముంచి, లోపలికి గాలి ఎక్కించి బుడగలు చూడాలన్నాడు. కంటికి ఆనని బీట వేడికే విచ్చుకుంటుంది.

వంగింది, సరే. వేడెక్కింది కాబట్టి వంగింది. ఎందుకు వేడెక్కింది? సమాధానం కుర్రాడి దగ్గర దొరికింది. అతను గోతిలోకి దిగి బయటినీళ్ల పంపు మూత విప్పాడు. లోపల రబ్బరు చక్రం. దానికి ఆరు రెక్కలుండాలి. రెండు మొదలంటా లేవు, ఒకటి సగమే ఉంది.

"మావయ్యా, రబ్బరు పోయింది."

"పోతే పోయింది, ముక్కలేవి?"

ఆ ప్రశ్న గుర్తుంచుకోదగ్గది. తెగిన ముక్క మాయమైపోదు, నీటితో కొట్టుకుపోయి ముందు ఏ ఇరుకు తగిలితే అక్కడ ఆగుతుంది. కొత్త రబ్బరు వేసి ముక్కల్ని లోపలే వదిలేస్తే దారి మూసుకునే ఉంటుంది. పైపు విప్పి దులిపితే ఒక ముక్క పడింది. గొట్టాల కట్ట మూత తీస్తే గొట్టాల నోళ్లకు అడ్డంగా రెండోది ఇరుక్కుని ఉంది, దాని వెనక ఒండ్రు గట్టిపడింది. సగానికి సగం గొట్టాలు పూడిపోయాయి. కుర్రాడు ఒడ్డుకెళ్లి కొబ్బరి ఈనెలు పట్టుకొచ్చాడు. ఇనుప తీగ పెడితే రాగి గొట్టం గీసుకుపోతుంది, ఈనె అయితే వంగుతూ దూరి మట్టిని తోసేస్తుంది. ఒక్కో గొట్టంలోంచి బూడిదరంగు బురద చుట్టలుగా బయటికొచ్చింది. పదో పన్నెండో గొట్టాలయ్యాక మిగిలిన సగం రెక్క కూడా పడింది. అరచేతిలో మూడు ముక్కలూ చక్రానికి ఆనించి చూశారు. సరిపోయాయి.

అప్పుడు యజమాని ఉదయం మింగేసిన మాట చెప్పాడు. నిషేధం మొదలవకముందు ఒకరోజు పాటు తీస్తుండగా లోపలికి వస్తూ మొగ దగ్గర బోటు మేట మీద ఆనింది. వెనక్కి లాగడానికి ఇంజన్ గట్టిగా తొక్కారు. కాసేపటికి వెనక పైపులోంచి నీళ్లు పడటం మానేశాయి, రబ్బరు కాలిన వాసన వచ్చింది. మీటరు ముల్లు ఎర్రగీత మీద పడింది. ఇంజన్ ఆపితే అల తిరగేస్తుందని ఆపలేదు. ట్యాంకులో నీళ్లు లేకపోతే బకెట్‌తో సముద్రపు నీళ్లు తోడి పోశారు.

"ఎనిమిది మందిమి ఉన్నామండి బోటులో," అన్నాడు.

మేస్త్రి తప్పు పట్టలేదు. అక్కడ ఇంజన్ ఆపకపోవడమే మంచిదైంది. ఇసుక నోటికి అడ్డుపడి పంపు ఎండిపోయింది, తడి లేని రబ్బరు నిమిషాల్లో తెగింది. కాలిపోతున్న ఇనుము మీద చల్లటి నీళ్లు పడ్డాయి, హెడ్ వంగింది. ఆ ఉప్పే బ్లాకులో తెల్లగా పేరుకుంది. అంతా ఒకదాని వెంట ఒకటి కుదిరింది.

యజమాని సిగరెట్ పెట్టె చించి లోపలివైపు రాసుకోవడం మొదలుపెట్టాడు. హెడ్ రేపు సఖినేటిపల్లి రేవు నుంచి పంటు మీద నరసాపురం వెళుతుంది. ముందు ప్రెషర్ టెస్టు, అందులో నెగ్గితేనే ముఖాన్ని చదును చేసే మాపు. మాపేటప్పుడు వంకర పోవడానికి ఎంత కావాలో అంతే తీయాలి. ఎక్కువ తీస్తే నాజిల్ మొన, వాల్వులు పిస్టన్‌కు దగ్గరపడతాయి. మూడో ఎగ్జాస్ట్ సీటు, తెగిన బోల్టు మొండెం కూడా అక్కడే. గాస్కెట్ సెట్టు. నాజిళ్ల కింది రాగి వాషర్లు. బ్లాకు కడగడానికి మందు, తర్వాత కూలెంటు, కలపడానికి మంచినీళ్ల డబ్బాలు. ఉప్పు గొట్టాలకు బదులు తినడానికని కట్టలో పెట్టే జింకు ముక్క అరిగి మొలంత మిగిలింది, అది కొత్తది.

"టార్కు రెంచి నా దగ్గరుంది. బిగించేటప్పుడు మధ్య నుంచి, మూడు విడతల్లో," అని కుర్రాడికి చెబుతూనే మేస్త్రి పైకి చూశాడు. "పంపు రబ్బరు రెండు రాయి. ఒకటి వెయ్యడానికి, ఒకటి బోటులో ఉంచడానికి. దాని మూతకేసే కాగితం గాస్కెట్లు కూడా రెండు. ఆ మూత విప్పే పానా ఒకటి ఈ గోడకే తాడుతో కట్టెయ్. డ్రైవరుని రేపు రమ్మను, ఎలా మార్చాలో నేర్పిస్తాను."